కెర్మిట్ ఆఫీసులో మంగళవారాలు

2015 ఆగస్టులో మేం అమెరికాలోని కొలంబస్‌లో దిగినప్పుడు ఇంట్లో రెండు పరుపులు, ఒక రైస్ కుక్కర్, మా ఆయన స్నేహితుడు ఇచ్చిన పాత టీవీ తప్ప ఇంకేమీ లేవు. నెలనెలా కేబుల్‌కి డబ్బు ఎందుకని కిటికీ అద్దానికి అంటించే పల్చటి యాంటెన్నా ఒకటి కొనుక్కొచ్చాం. గాలి గట్టిగా వీస్తే మిగతా చానళ్ళన్నీ గళ్ళు గళ్ళుగా చెదిరిపోయేవి. ఏబీసీ ఒక్కటి మాత్రం నిలకడగా వచ్చేది. ఆ యాంటెన్నా పుణ్యమా అని మప్పెట్లు, అంటే చేత్తో ఆడించే అమెరికా టీవీ బొమ్మలు, మా ఇంటికి వచ్చాయి.

సెప్టెంబరు 22, మంగళవారం, రాత్రి ఎనిమిది గంటలు. ఆ తేదీ నాకు బాగా గుర్తు. ఆ రోజు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం, కడుపులో బిడ్డ మొదటిసారి కదిలినట్టు అనిపించింది కూడా ఆ రోజే. మా పెద్దోడికి అప్పుడు ఆరేళ్ళు. అన్నం తినకుండా సతాయిస్తుంటే టీవీ పెట్టాను. ఆకుపచ్చ కప్ప ఒకటి ఆఫీసు కారిడార్‌లో గబగబా నడుస్తోంది, ఎదురొచ్చిన ప్రతి ఒక్కరూ దానికో సమస్య అప్పజెబుతున్నారు. పెద్దోడు నోరు తెరిచి చూస్తుంటే నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాయి. నేను మాత్రం ఐదో ముద్ద కలపడం మర్చిపోయి ఆ కప్పనే చూస్తూ ఉండిపోయాను.

అది ‘ది మప్పెట్స్’. పాత మప్పెట్ బొమ్మలతోనే ఏబీసీ వాళ్ళు కొత్తగా మొదలుపెట్టిన సీరియల్. కథ అంతా లాస్ ఏంజెలెస్‌లోని ఒక టీవీ ఆఫీసులో నడుస్తుంది. మిస్ పిగ్గీ అనే పంది ఒక లేట్ నైట్ షోకి యాంకర్. కెర్మిట్ అనే కప్ప ఆ షోకి ప్రొడ్యూసర్. ఫోజీ ఎలుగుబంటి షో మొదలయ్యే ముందు ప్రేక్షకుల్ని నవ్వించే పనిలో ఉంటాడు. గోంజో, పెపె, రిజ్జో జోకులు రాస్తారు. స్కూటర్ గెస్టుల్ని కుదురుస్తాడు. శామ్ అనే గద్ద ఏ మాట పలకచ్చో ఏది పలకకూడదో చెప్పే చానల్ మనిషి. ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టు కెమెరా వాళ్ళ వెనకాలే తిరుగుతుంటుంది, మధ్యమధ్యలో ఒక్కొక్కరూ కుర్చీలో కూర్చుని కెమెరాకి తమ గోడు చెప్పుకుంటారు. కెర్మిట్, పిగ్గీ చాలా ఏళ్ళు ప్రేమించుకుని విడిపోయిన జంట. అయినా రోజూ ఒకే ఆఫీసులో పని చెయ్యాలి.

నేను బెంగళూరులో ఏడేళ్ళు టీం లీడ్‌గా చేశాను. పద్నాలుగు మంది టీం. ఇద్దరికి పడదు, ఒకరికి ఊరికెళ్ళాలి, ఇంకొకరి ఇంట్లో పెళ్ళి, పై నుంచి డెడ్‌లైన్. అందరి టెన్షన్లూ నా టేబుల్ మీదికే వచ్చేవి. అమెరికా వచ్చాక నా వీసాకి ఉద్యోగం చేసే అనుమతి లేదు. పొద్దున తొమ్మిదికి మా ఆయన, పెద్దోడు వెళ్ళిపోతే మూడున్నర దాకా ఇంట్లో నేను ఒక్కదాన్నే. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఒకప్పుడు ఆ ఆఫీసు గోల నుంచి ఎప్పుడు బయటపడతానా అనుకున్న దాన్ని, కెర్మిట్ ఆ కారిడార్‌లో నడుస్తుంటే ఆ గోల కోసమే ప్రాణం కొట్టుకుంది. అందరికీ సర్దిచెప్పి, గదిలోకి వచ్చి తలుపేసుకుని ఒక్క నిమిషం ఊరికే నిలబడతాడు చూడండి, ఆ నిమిషం నాకు తెలుసు.

ఆ ముఖం గురించి చెప్పాలి. కెర్మిట్ ముఖంలో యంత్రం ఏమీ లేదు. కళ్ళు తిరగవు, రెప్పలు పడవు, కనుబొమలు లేవు. మెత్తటి గుడ్డ, దాని లోపల ఒక మనిషి చెయ్యి, అంతే. బొటనవేలు కింది దవడ, మిగిలిన నాలుగు వేళ్ళు పై దవడ. లోపల చెయ్యి గుప్పిట బిగిస్తే పెదవులు లోపలికి ముడుచుకుని ముఖమంతా నలిగిపోతుంది. వేళ్ళు కొంచెం వదులు చేస్తే ఆ నలుగుడు నెమ్మదిగా విచ్చుకుంటుంది. డెబ్బైల్లో మొదలైన పాత ‘మప్పెట్ షో’లో బొమ్మలు ఎక్కువగా స్టేజీ మీద, దూరం నుంచి కనపడతాయి. ఈ కొత్త దాంట్లో కెమెరా ముఖానికి దగ్గరగా వచ్చి ఆగుతుంది. పిగ్గీ పేరు ఎవరో ఎత్తుతారు. కెర్మిట్ ఏమీ మాట్లాడడు. మూతి ఎడమ పక్క ఒక్క మడత పడుతుంది. మాట పెగలక, మింగలేక, కక్కలేక ఉన్న మనిషి ముఖం అది. గుడ్డ ముక్క మీద ఒక్క మడతతో అంత చెప్పచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ చెయ్యి, ఆ గొంతు అప్పట్లో స్టీవ్ విట్‌మైర్‌వి. కెర్మిట్‌ని పుట్టించిన జిమ్ హెన్సన్ 1990 మే 16న పోయాక ఆ బొమ్మ విట్‌మైర్ చేతికి వచ్చింది. పిగ్గీని ఆడించేది ఎరిక్ జేకబ్సన్. ఫోజీ, డ్రమ్ములు వాయించే యానిమల్, శామ్ గద్ద కూడా ఆయనే. ఒక మగమనిషి చేతిలో పిగ్గీ అంత నిండుగా ఆడదైపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. గోంజో మాత్రం మొదట్నుంచీ డేవ్ గోల్జ్ చేతిలోనే ఉన్నాడు. వీళ్ళంతా కెమెరాకి కనపడకుండా కింద ఉండి చేతులు తలపైకెత్తి బొమ్మల్ని ఆడిస్తారు. సెట్ నేల కన్నా ఎత్తులో కడతారు. తలకి కట్టుకున్న మైకులో మాట్లాడుతూ, తమ ముందున్న చిన్న టీవీలో బొమ్మ ఎలా కనపడుతోందో చూసుకుంటూ ఆడించాలి. అద్దంలో చూసుకున్నట్టు ఉండదు, కుడి ఎడమలు తారుమారుగా కనపడతాయి. సంగతి తెలిశాక ఒక రోజు పెద్దోడి ఆకుపచ్చ సాక్సు చేతికి తొడుక్కుని చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. రెండు నిమిషాలకే భుజం లాగేసింది.

మప్పెట్ల పాత చరిత్ర నాకు తర్వాత తెలిసింది. మా వీధి చివర లైబ్రరీలో పాత ‘మప్పెట్ షో’ డీవీడీలు ఉన్నాయి, మొదటి మూడు సీజన్లు. డీవీడీలుగా వచ్చింది ఆ మూడే. వారానికి రెండు చొప్పున తెచ్చుకుని అన్నీ చూసేశాను. 1976 నుంచి 1981 వరకు ఐదు సీజన్లు, 120 ఎపిసోడ్లు. అమెరికా నెట్‌వర్కులు ముందుకు రాకపోతే లూ గ్రేడ్ అనే బ్రిటిష్ టీవీ ఆయన అవకాశం ఇచ్చాడట. అందుకే ఇంత అమెరికన్ షో లండన్ పక్కన ఎల్‌స్ట్రీలో తయారైంది. తొలి కెర్మిట్‌ని హెన్సన్ 1955లో కుట్టాడు, వాళ్ళమ్మ పాత కోటు చించి. కళ్ళకి పింగ్‌పాంగ్ బంతిని రెండుగా కోసి పెట్టాడు. ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ళ మ్యూజియం దగ్గర ఉంది. అమ్మ పాత కోటు నుంచి వచ్చిందన్న మాట చదివిన రోజు, మా అమ్మ నా పాత పరికిణీలు చించి పెద్దోడికి పొత్తిగుడ్డలు చేసిన సంగతి గుర్తొచ్చి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అంటే నేను వెనక నుంచి ముందుకు కాకుండా ముందు నుంచి వెనక్కి వెళ్ళాను. మప్పెట్లతో పెరిగిన వాళ్ళకి ఈ కొత్త సీరియల్ నచ్చలేదు. పాత షోలో పాట, ఆట, కేరింత. ఇందులో ఆఫీసు రాజకీయాలు, విడిపోయిన ప్రేమికులు, పెద్దవాళ్ళ జోకులు. చిన్నప్పటి కెర్మిట్‌ని ఇలా అలిసిపోయిన మేనేజర్‌గా చూడలేం అన్నారు. మొదలవక ముందే కొందరు తల్లులు ఇది పిల్లల బొమ్మలతో చేసే పనేనా అని అభ్యంతరం చెప్పారు. వాళ్ళ బాధలో న్యాయం ఉంది. మొదటి కొన్ని ఎపిసోడ్లలో కెర్మిట్ నోట కొన్ని మాటలు పుల్లవిరుపుగా వచ్చాయి, అవి నాకూ నచ్చలేదు. డెనిస్ అనే ఇంకో పందితో అతని కొత్త స్నేహం కూడా ఎవరికీ మనసుకి ఎక్కలేదు, రాసిన వాళ్ళకే ఎక్కినట్టు లేదు.

అయినా నాకు ధర్మవరం దగ్గర మా అవ్వ వాళ్ళ ఊళ్ళో జరిగిన ఒక శివరాత్రి గుర్తొస్తుంది. జాగరణకి తోలుబొమ్మలాట పెట్టించారు. మా వైపు తోలుబొమ్మలంటే నిమ్మలకుంట పేరు చెప్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా బంధువుల వాట్సప్ గ్రూపు అంతా పండగే. నేను చెప్పే ఆట నా ఎనిమిదో ఏట. తెల్ల పంచె కట్టి, వెనక బల్బు వెలిగించి, మేకతోలు బొమ్మల్ని దానికి ఆనించి ఆడించారు. రంగులు గుడ్డ మీద గాజుపెంకుల్లా మెరిసేవి. ఆ యేడు వచ్చిన మేళం వాళ్ళు, ఆట మధ్యలో నవ్వించే కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడల్లా సినిమా పాటల బాణీలు పెట్టారు. మా తాత, ఆయన ఈడు వాళ్ళు మండిపడ్డారు. “ఇదేం ఆటరా, రామాయణమా రికార్డింగ్ డ్యాన్సా” అని మా తాత లేచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ సినిమా బాణీల కోసమే తెల్లారేదాకా కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను. వాటి మధ్యలోనే లంకా దహనం చూశాను, హనుమంతుడి తోకకి నిప్పంటుకుని గుడ్డంతా ఎర్రగా అయిపోవడం చూశాను. తాత చూసిన ఆట గొప్పదే అయి ఉంటుంది. నాకు దొరికిన వాకిలి మాత్రం ఆ సినిమా పాట. మప్పెట్ల విషయంలో కూడా నాకు దొరికిన వాకిలి ఈ పదహారు ఎపిసోడ్లే.

అవును, మొత్తం పదహారే. అన్నీ వరసగా పెట్టుకుని చూస్తే ఆరు గంటలు నిండవు. మొదటి రాత్రి దాదాపు 90 లక్షల మంది చూశారు. ఆ తర్వాత వారం వారం తగ్గుతూ పోయింది. బిల్ ప్రేడీ, బాబ్ కుషెల్ కలిసి మొదలుపెట్టారు. నవంబరులో కుషెల్ తప్పుకున్నాడు, ఆ స్థానంలో క్రిస్టిన్ న్యూమన్ వచ్చింది. డిసెంబరులో ఆపి 2016 ఫిబ్రవరి 2న మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆఫీసులో కాస్త వెలుగు వచ్చింది, ఒకరినొకరు పొడుచుకోవడం తగ్గింది. మార్చి 1న చివరి ఎపిసోడ్. మే నెలలో చానల్ ఆపేస్తున్నట్టు చెప్పేసింది. కుదురుకునే వేళకి ఇల్లు ఖాళీ చేయించినట్టయింది.

నేను ఎక్కువసార్లు తలుచుకునేది మొదటి సగంలోని ఒక ఎపిసోడ్‌ని. పని అయ్యాక స్టాఫ్ అంతా పిగ్గీకి తెలియకుండా రౌల్ఫ్ కుక్క నడిపే బార్‌కి పోతుంటారు. పిగ్గీకి ఆ సంగతి తెలుస్తుంది. అంత పొగరు, అంత గట్టి గొంతు ఉన్న మనిషి, తనని ఎవరూ పిలవరని తెలిసి చిన్నబోతుంది. ఆ తర్వాత ఆమెని కూడా రమ్మంటారు, కరియోకె పాడతారు, ఆమె ఎంత సంబరపడుతుందంటే మర్నాడు, ఆ మర్నాడు కూడా పోదాం పదండి అంటుంది. అది వచ్చిన వారమే మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళు దసరాకి ఎవరింట్లోనో కలిశారు. మేం కొత్త, ఎవరికీ తెలియదు, పిలవలేదు. తప్పు ఎవరిదీ కాదు. బాల్కనీలోంచి ఎదురు బ్లాకులో పట్టుచీరలు మెట్లెక్కడం కనపడుతుంటే లోపలికి వచ్చి పరదా వేసేశాను. పిగ్గీ ఆ బార్‌లో మైకు పట్టుకున్నప్పుడు నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. మా ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. (ఆ దసరా చేసుకున్న వాళ్ళే తర్వాత నా బాలింతతనంలో నెల రోజులు వంతులు వేసుకుని చారు, కూర పంపారు. వాళ్ళ గిన్నె ఒకటి ఇంకా మా ఇంట్లోనే ఉంది.)

జనవరి చివర పురిటికి అమ్మ వచ్చింది. మొదటిసారి విమానం, మొదటిసారి మంచు. పెట్టెలో నువ్వుల పొడి, శొంఠి, కాయం, ఇంత పొడుగు పాత పంచెలు. అమ్మకి ఇంగ్లీషు రాదు. మంగళవారం సాయంత్రం నేనూ పెద్దోడూ టీవీ ముందు చేరితే తను కూడా వెల్లుల్లి వలుచుకుంటూ పక్కన కూర్చునేది.

ఆ రోజు వచ్చింది తోక ఎపిసోడ్. పిగ్గీ ఎర్ర తివాచీ మీద నడుస్తుంటే డ్రెస్సు చినిగి తోక బయటపడుతుంది. అన్నాళ్ళూ దాచుకున్న తోక. అందరూ నవ్వుతారు, వార్తల్లో అదే, చానల్ వాళ్ళు కంగారు పడతారు. తర్వాత పిగ్గీ ఇక దాచేది లేదని అంటుంది. నేను అమ్మకి మధ్యమధ్యలో తెలుగులో చెప్తున్నాను. అమ్మ వెల్లుల్లి పక్కన పెట్టేసింది.

“తోక బయటపడితే ఏమైందమ్మా? పందికి తోక ఉండదా?” అంది.

“దాచుకుందిలేమ్మా ఇన్నాళ్ళు. టీవీలో పెద్ద మనిషి కదా.”

“ఏంటికి దాచాల? దేవుడిచ్చింది. వాళ్ళకేం పని లేదా?” అని తెర మీద నవ్వుతున్న వాళ్ళని కోప్పడింది. కాసేపయ్యాక పిగ్గీ నడుం మీద చెయ్యేసుకుని కెర్మిట్‌ని దులిపేస్తుంటే అమ్మ ఒక్కసారిగా పకపకా నవ్వింది. “ఇది మన బంగారక్క మాదిరే ఉంది గదా! ఆ కప్ప కేతిగాడు. చూడు, నోరు మెదపడు.”

నాకు ఒళ్ళు జలదరించింది. తాత లేచి వెళ్ళిపోయిన ఆ రాత్రి అమ్మ కూడా నా పక్కనే చాప మీద కూర్చుని ఉంది. చెక్కల చప్పుడు, హార్మోనియం, కేతిగాడి మీద బంగారక్క విరుచుకుపడటం, అన్నీ ఆమెకి గుర్తున్నాయి. మా పెద్దోడు “హూ ఈజ్ బంగారక్క” అని అడిగాడు. ఆ రాత్రి అమ్మ వాడిని పక్కలో వేసుకుని చాలాసేపు చెప్పింది. వాడికి అర్థమైంది ఎంతో నాకు తెలియదు కానీ, నాలుగు రోజులు పిగ్గీని ‘బంగారక్కా’ అనే పిలిచాడు.

రాబిన్ ఎపిసోడ్ కూడా ఆ ఫిబ్రవరిలోదే. కెర్మిట్ అన్న కొడుకో అక్క కొడుకో, బుల్లి కప్ప. వాడి కోసం కెర్మిట్, పిగ్గీ ఇంకా కలిసే ఉన్నట్టు నటిస్తారు. అప్పటికి పాప పుట్టి కొన్ని రోజులే. ఆ ఎపిసోడ్ నేను సరిగ్గా చూడలేదు, పాలు పడుతూ వినడమే. చివరి ఎపిసోడ్ కూడా సగం నిద్రలోనే చూశాను. మళ్ళీ వచ్చే సెప్టెంబరులో వస్తుందిలే అనుకున్నాను.

ఆ తర్వాత కెర్మిట్‌కి చెయ్యి మారింది. 2016లోనే విట్‌మైర్ ఆ బొమ్మకి దూరమయ్యాడు, 2017 నుంచి మ్యాట్ వోగెల్ ఆడిస్తున్నాడు. మంచి కళాకారుడే. గొంతులో చిన్న తేడా నాకు వినపడుతూనే ఉంటుంది. అందుకే ఆ పదహారు ఎపిసోడ్లు పెట్టుకున్నప్పుడల్లా కెర్మిట్ కుర్చీలో కూర్చుని మాట్లాడే చోట నేను పని ఆపేసి వింటాను. ఇరవై ఐదేళ్ళు ఒకే గుడ్డలో ఉన్న చెయ్యి, ఆ మూతి మడత అంత తేలిగ్గా వచ్చేది కాదు. పాత షో ఐదు సీజన్లూ 2021లో డిస్నీ ప్లస్‌లోకి వచ్చాక మిగిలిన రెండూ చూశాను. చాలా గొప్పగా ఉన్నాయి. అయినా ఒంట్లో బాగోలేని రోజు, ఇంట్లో ఎవరూ లేని రోజు నేను పెట్టుకునేది ఆ ఆఫీసే.

చివరి ఎపిసోడ్ అయిపోయిన వారానికే శివరాత్రి, మార్చి 7. అమ్మ జాగరణ ఉంటానంది. గుడికి పోయేందుకు లేదు, బయట చలి, చంకలో పసిబిడ్డ. ఎట్లా మేలుకుంటావమ్మా అంటే, “ఆ బొమ్మలాట పెట్టు” అంది. లైబ్రరీ డీవీడీలు రెండు ఉన్నాయి, అవి పెట్టాను. పియానో వాయించే కుక్కని, బాల్కనీలో కూర్చుని అందరినీ ఆడిపోసుకునే ముసలాళ్ళిద్దరినీ చూసి అమ్మ మురిసిపోయింది. వాళ్ళు మా ఊరి రచ్చబండ మీద ఇద్దరి మాదిరే ఉన్నారంటూ పేర్లు కూడా చెప్పింది. పన్నెండు దాటాక పాప లేచింది, ఒంటిగంటకి మళ్ళీ లేచింది. మూడింటికి డీవీడీలు అయిపోయాయి. నేను సోఫాలో ఒరిగిపోయాను.

అమ్మ నెమ్మదిగా భుజం తట్టింది. పాప ఆమె ఒడిలో కళ్ళు తెరుచుకుని ఉంది.

“ఆ తోక బయటపడిందే, బంగారక్కది, అది పెట్టమ్మా. ఇది కూడా చూస్తుంది.”

లాప్‌టాప్ తెచ్చి చానల్ వెబ్‌సైట్‌లో ఆ ఎపిసోడ్ వెతికి పెట్టాను. ఈసారి నేను తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరు ఏమంటున్నారో అమ్మే పాపకి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది.